ఆకాశానికి ఇంటి నంబర్లు – వైను బప్పు జీవితం

ఈ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, వాళ్ళు ఏ కవినో, ఏ స్వాతంత్ర్య సమరయోధుణ్ణో ఊహించుకొని ఉంటారు. నేను మాత్రం ఒక ఖగోళవేత్తను ఎంచుకున్నాను. అందుకు కారణం కొంత నా చదువు, కొంత మా ఊరు. మా ఊరు అమరచింత. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వనపర్తి జిల్లా. పేరుకు ఒకనాటి సంస్థానం, పనికి మగ్గాల ఊరు.

1980 ఫిబ్రవరి 16, శనివారం. ఆ రోజు మా వీధిలో మగ్గాల చప్పుడు పొద్దున్నే ఆగిపోయింది. సంపూర్ణ సూర్యగ్రహణం. మా అవ్వ నీళ్ళ కుండల్లో, పచ్చడి జాడీల్లో గరిక వేసింది. మా అమ్మ పిల్లలందరినీ లోపలి అర్రలోకి తోసి తలుపు గడియ పెట్టింది. మధ్యాహ్నం మూడున్నర దాటాక కిటికీ సందులోంచి వచ్చే వెలుగు బూడిద రంగుకు తిరిగింది, తర్వాత అదీ పోయింది. రెండు నిమిషాలకు పైగా పట్టపగలే చీకటి. బయట కాకులు గోల చేసి ఊరుకున్నాయి. నేను చూసిన గ్రహణం ఇంతే, అంటే చూడనిదన్నమాట! ఆ నీడ అరేబియా సముద్రం మీదుగా వచ్చి, కర్ణాటకలో నేలకెక్కి, రాయచూరు దాటి, మా ఊరి మీదుగా నల్లగొండ వైపు, అటునుంచి ఒరిస్సా వైపు సాగిపోయింది. రాయచూరు దగ్గర జవళగెరెలో ఆ నీడ కోసం దుర్భిణులు బిగించుకొని కూర్చున్నది బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వారు. ఇటు హైదరాబాదుకు దిగువన జపాల్-రంగాపూర్‌లో మన ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు. రెండు శిబిరాల మధ్యలో తలుపులు మూసుకొని మేము. ఆ బెంగుళూరు సంస్థకు అప్పటి డైరెక్టరు హైదరాబాదులో పెరిగినవాడనీ, నిజాం కాలేజీలో చదివినవాడనీ నాకు డిగ్రీ చదివేటప్పుడు గాని తెలియలేదు. ఆయనే మనాలి కల్లాట్ వైను బప్పు.

వైను బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. కుటుంబం ఉత్తర మలబారుకు చెందినది, ఇంటి భాష మలయాళం. తండ్రి హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీలో ఖగోళ పరిశీలకులు. అందువల్ల పిల్లవాడి బాల్యమంతా బేగంపేట పరిసరాల్లో, దుర్భిణుల నడుమ గడిచింది. ఒక ఉద్యోగి కొడుకు తండ్రి ఆఫీసులో ఆడుకోవడం మామూలే. కాని ఆ ఆఫీసు ఎలాంటిదో కాస్త చెప్పుకోకపోతే ఈ కథ ముందుకు సాగదు.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ అనే ఒక ప్రభువర్గీయునికి ఆకాశం మీద మోజు. 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో సొంత ఖర్చుతో వేధశాల పెట్టాడు. ఇంగ్లాండు నుంచి 15 అంగుళాల దుర్భిణి, నక్షత్రాల ఫోటోలు తీసే 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫు తెప్పించాడు. 1907లో ఆయన పోయాక మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకొని తర్వాత బేగంపేటకు మార్చింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆ రోజుల్లో పలు దేశాల వేధశాలలు కలిసి ఒక బృహత్తరమైన పని నెత్తికెత్తుకొన్నాయి. ఆకాశాన్ని పొలాల్లా పంచుకొని, తలా ఒక పట్టీ తీసుకొని, ఫోటోలు తీసి, ప్రతి నక్షత్రం స్థానాన్నీ కొలిచి పుస్తకాలకెక్కించాలి. చిలీలోని శాంటియాగో వారు చేయలేకపోయిన దక్షిణపు పట్టీ, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల వరకు, హైదరాబాదుకు వచ్చింది. తర్వాత జర్మనీలోని పోట్స్‌డామ్ వారు వదిలేసిన ఉత్తరపు పట్టీ, 36 నుంచి 39 డిగ్రీల వరకు, అదీ మనకే వచ్చింది. ఇతరులు దించేసిన బరువులు రెండూ మనమే ఎత్తుకున్నామని చెప్పవచ్చు.

పని ఎలా సాగేదంటే, ఫోటో తీసే గాజు పలక మీద ముందే 5 మిల్లీమీటర్లకొక గీత చొప్పున నిలువుగా అడ్డంగా గళ్ళు అచ్చువేసేవారు. పలక మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో ఒక నిమిషం కోణం. ఆ గళ్ళలో పడిన ఒక్కొక్క చుక్కనూ సూక్ష్మదర్శినిలో చూసి, నిలువుకెంత, అడ్డానికెంత అని కొలిచి రెండు అంకెలు రాసుకునేవారు. చూడటం, చెప్పడం, రాయడం. మళ్ళీ ఇంకో చుక్క. అలా పదిహేనేళ్ళకు పైగా సాగి, 7,60,000కు పైచిలుకు నక్షత్రాలు 12 సంపుటాల్లోకి ఎక్కాయి. టి.పి. భాస్కరన్ గారి హయాంలో ఇందులో ఎక్కువ భాగం పూర్తయింది. అంటే మన హైదరాబాదు వేధశాల ఏడు లక్షల ఇళ్ళకు నంబర్లు వేసిందన్నమాట. ఎవరు ఆ ఇంట్లో ఉంటారో, వారి గుణగణాలేమిటో అడగలేదు. ఎక్కడ ఉన్నారు? అంతే. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి గుమ్మం మీద తారుతో నంబరు రాసిపోయినట్టు.

బప్పు పెరిగింది ఈ వాతావరణంలో. ఈ విషయం మీద నేనిన్ని మాటలు ఖర్చు చేయడానికి కారణం ఉంది. ఆయన జీవితంలో చేసిన ముఖ్యమైన పనులన్నీ ఏదో ఒక రూపంలో ఈ నంబర్ల పనికి కొనసాగింపుగానే నాకు కనిపిస్తాయి. ఇది నా అభిప్రాయం. ఒప్పుకోకపోయినా కథకు నష్టం లేదు.

నిజాం కాలేజీ అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. భౌతికశాస్త్రంలో బప్పు అక్కడే డిగ్రీలు పొందారు. చదువుకుంటూనే రాత్రిళ్ళు కాంతి హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను పరిశీలిస్తూ, విద్యార్థిగా ఉండగానే వ్యాసాలు ప్రచురించారు. అయితే అప్పటి హైదరాబాదులో ఖగోళశాస్త్రంలో పై చదువు లేదు. ఆ సమయంలో హార్వర్డ్ వేధశాల అధిపతి హార్లో షాప్లీ మన దేశానికి వచ్చారు. కుర్రవాడు వెళ్ళి కలుసుకున్నాడు. హైదరాబాదు ప్రభుత్వం విద్యార్థి వేతనం ఇచ్చింది. 1949 మొదట్లో బప్పు హార్వర్డులో అడుగుపెట్టారు. సంస్థానమే యూనియన్‌లో కలిసిపోయి నాలుగైదు నెలలయింది అప్పటికి. ఆ గడబిడ రోజుల్లో ఒక కుర్రవాని ఆకాశం చదువుకు సొమ్ము దొరకడం చిన్న విషయమేమీ కాదు.

వెళ్ళిన ఆరు నెలలకే, జులై 2న, తాను తీసిన ఒక ఫోటో పలక మీద ఉండకూడని మసక గీత ఒకటి కనిపించింది. అధ్యాపకుడు బార్ట్ బాక్, సహవిద్యార్థి గోర్డన్ న్యూకర్క్ సరిచూశారు. అది కొత్త తోకచుక్క. ముగ్గురి పేర్లూ కలిపి బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క అన్నారు. సూర్యుని చుట్టూ తిరిగి రావడానికి దానికి సుమారు 60,000 ఏళ్ళు పడుతుందట. పసిఫిక్ ఖగోళ సంఘం వారు బప్పుకు డోన్హో పతకం ఇచ్చారు. వయసు నిండా 22 లేదు.

ఈ తోకచుక్కకు పేరు కాక ఒక చిరునామా కూడా ఉంది. ఇప్పటి పట్టికల్లో దాన్ని సి/1949 ఎన్1 అంటారు. దీర్ఘకాలం తిరిగేది గనుక సి. కనిపించిన ఏడు 1949. ఏడాదిని అర్ధ నెలలుగా విడగొట్టి ఒక్కొక్క దానికి ఒక్కొక్క అక్షరం ఇస్తే జులై మొదటి సగానికి ఎన్ వస్తుంది. ఆ పక్షంలో మొదట దొరికినది గనుక 1. పేరు ముచ్చట కోసం, నంబరు పని కోసం. మన ఊళ్ళల్లోనూ అంతే గదా, పోస్టుమన్ పేరు చూసి నవ్వి నంబరు చూసి ఉత్తరం ఇస్తాడు.

1952లో డాక్టరేటు వచ్చింది. కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియా వెళ్ళి మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలల్లో పనిచేశారు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల దుర్భిణి అక్కడే ఉండేది. ఓలిన్ విల్సన్ అనే పెద్దాయనతో కలిసి చేసిన పనే బప్పు పేరును పాఠ్యపుస్తకాలకెక్కించింది. 1957లో అచ్చయిన ఆ వ్యాసంలోని సంగతిని విల్సన్-బప్పు ప్రభావం అంటారు. క్లుప్తంగా చెబుతాను. సూర్యుని కంటే చల్లనైన నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం వల్ల ఒక నల్లని గీత ఉంటుంది. దాని నడిమధ్యన సన్నగా ఒక వెలుగు గీత. ఈ వెలుగు గీత వెడల్పును 185 నక్షత్రాల్లో కొలిచి చూస్తే, నక్షత్రం సొంత కాంతి ఎంత ఎక్కువైతే గీత అంత వెడల్పుగా ఉన్నదని తేలింది. వేడిమితో పనిలేదు. కాబట్టి గీత వెడల్పు కొలిస్తే నక్షత్రం నిజమైన కాంతి తెలుస్తుంది. మనకు కనిపించే కాంతితో దాన్ని పోల్చుకుంటే దూరం తెలుస్తుంది. లాంతరు అసలు వెలుగు తెలిస్తే, ఎంత మసకగా కనిపిస్తున్నదో చూసి బండి ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు గదా. అదే లెక్క.

బేగంపేటలో గాజు పలకల మీద కొలిచినవి రెండు అంకెలు, నిలువు, అడ్డం. మూడోదైన దూరం ఆ 12 సంపుటాల్లో లేదు. వీధి పేరు ఉంది, ఇంటి వరుస ఉంది, కాని ఎన్నో అంతస్తో లేదు. ఆ మూడో అంకెను తెలుసుకునే దారుల్లో ఒకదాన్ని కనిపెట్టినవాడు ఆ వేధశాల ఉద్యోగి కొడుకే కావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

అమెరికాలోనే ఉండిపోయే వీలున్నా 1953లో తిరిగివచ్చారు. మన దగ్గర ఇటువంటి మనిషికి తగ్గ దుర్భిణి ఎక్కడిది? ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వారణాసిలో కొత్తగా పెట్టిన వేధశాల బాధ్యతను 1954లో అప్పగించింది. ఆయన దాన్ని దుమ్ము, దీపాలు లేని నైనీతాల్ కొండలకు మార్పించారు. 1960లో, నిండా 33 ఏళ్ళు లేకుండానే, కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరయ్యారు. కొడైకెనాల్ సూర్యుణ్ణి చూడటానికి మంచి చోటు, రాత్రి పనికి అంత అనువుకాదు. అందువల్ల కొత్త చోటు వెదుకుతూ జవ్వాది కొండల్లో, గంధపు చెట్ల అడవి మధ్య, తమిళనాడులోని కావలూరు అనే చిన్న పల్లెను ఎంచుకున్నారు. మొదట అక్కడ పెట్టిన 38 సెంటీమీటర్ల దుర్భిణిని తమ వర్క్‌షాపులోనే చేసుకున్నారు. 1972లో జర్మనీ నుంచి 102 సెంటీమీటర్ల జైస్ దుర్భిణి వచ్చింది. ఆ ఏడే బృహస్పతి ఉపగ్రహమైన గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డువచ్చినప్పుడు దానికి పలుచని వాతావరణం ఉన్న ఆనవాళ్ళు దొరికాయి. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఇలాగే ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, నక్షత్రపు వెలుగు అసలు వేళకు ముందే తటాలున తగ్గి పెరగడం కావలూరులో నమోదైంది. అవి యురేనస్ వలయాలు. ఈ సంగతులు మన జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఉన్నవే గనుక ఇంతటితో వదులుతున్నాను.

1971 ఏప్రిల్ 1న కొడైకెనాల్, కావలూరు కలిసి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అనే స్వతంత్ర సంస్థ అయింది. బప్పు మొదటి డైరెక్టరు. తర్వాత కార్యాలయం బెంగుళూరుకు మారింది. ఆయన మనసంతా అద్దాల దుర్భిణుల మీదే, అందులో సందేహం లేదు. అయినా సంస్థాధిపతిగా ఆయన కాలంలో మొదలైన ఒక రేడియో టెలిస్కోపు గురించి ఇక్కడ కొంచెం నిలబడి చెప్పాలి. ఎందుకంటే అది మన వాకిట్లోనే ఉంది, దాన్ని కట్టించిన వారిలో ముఖ్యులు మన తెలుగువారు, పైగా మా మగ్గం పని తెలిసినవారికి అది ఇట్టే అర్థమవుతుంది.

హిందూపురం దాటి కర్ణాటకలోకి అడుగుపెడితే గౌరీబిదనూరు. బజారులో కన్నడమూ తెలుగూ చెరిసగం. ఆ ఊరి దగ్గర బప్పు సంస్థ, రామన్ రీసెర్చి ఇన్‌స్టిట్యూట్ కలిసి కట్టిన రేడియో టెలిస్కోపు 1976లో పని మొదలుపెట్టింది. నడిపించినది సి.హెచ్.వి. శాస్త్రి గారు. ఇందులో పళ్ళెం లేదు, అద్దం లేదు. వెదురుతోట నరికేసిన చోట గుంజలు మిగిలినట్టు పొలంలో వరుసగా గుంజలు, వాటికి కట్టిన తీగలు. ఆకాశం నుంచి వచ్చే 34.5 మెగాహెర్ట్జ్ రేడియో అలలను పట్టడానికి అవే. ఆ అల పొడవు దాదాపు 8.7 మీటర్లు. అంత పొడవైన అలతో ఆకాశంలో సన్నని చోటును వేరుచేసి చూడాలంటే కిలోమీటరుకు పైగా వెడల్పున్న పళ్ళెం కావాలి, అది కట్టగలిగిన వాళ్ళు లేరు. కాబట్టి తీగ ఏరియళ్ళనే ఇంగ్లీషు టి అక్షరం ఆకారంలో పరిచారు. తూర్పు పడమరల చెయ్యి 1.38 కిలోమీటర్లు, అందులో 640 ఏరియళ్ళు. దక్షిణం వైపు చెయ్యి 450 మీటర్లు, అందులో 360, అంటే నాలుగేసి చొప్పున 90 వరుసలు. మొత్తం వెయ్యి.

ఇప్పుడు అసలు చిక్కు. పళ్ళెమైతే తిప్పి ఎటు కావాలంటే అటు చూపవచ్చు. భూమిలో పాతిన గుంజల్ని ఎలా తిప్పుతారు? తిప్పరు. ఆకాశంలో ఒక వైపు నుంచి వచ్చే అల అన్ని వరుసలనూ ఒకేసారి తాకదు. ముందు వరుసకు ముందు, వెనుక వరుసకు కొంచెం ఆలస్యంగా చేరుతుంది. ఏ వరుసకెంత ఆలస్యమో లెక్కగట్టి, ముందు వచ్చినదాన్ని అంతసేపు ఆపి, అన్నింటినీ ఒకే అదునులో కలిపితే ఆ దిక్కు నుంచి వచ్చినదే బలంగా వినిపిస్తుంది, మిగతాది చప్పబడిపోతుంది. ఈ సర్దుబాటు చేసే పెట్టెలను ఫేజ్ షిఫ్టర్లంటారు. గదిలో కూర్చునే దూరం నుంచి వాటిని మార్చవచ్చు. కాబట్టి 90 వరుసల్లో ప్రతి వరుసకూ వేరే ఆజ్ఞ పోవాలి. ఈ అంకె ఈ వరుసకు, ఆ అంకె ఆ వరుసకు. అంటే ప్రతి వరుసకూ ఒక నంబరు, ఆ నంబరుకు తప్ప ఇంకొకదానికి చేరని ఆజ్ఞ.

37వ వరుసకు పోవలసినది 73కు పోయిందనుకోండి. ఏదీ కాలిపోదు, గంట మోగదు, యంత్రం ఆగదు. ఆకాశం కనిపిస్తూనే ఉంటుంది, కాని మసకబారి ఉంటుంది. ఎందుకు మసకబారిందో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో ఇదే అవస్థ చూశాను నేను. జకార్డు మగ్గం మీద అంచులో హంస నేస్తారు. పైనున్న పెట్టెలో వరుసగా కొక్కేలు. ఒక్కొక్క కొక్కేనికి దారం, దారం చివర పడుగు పోగులు. చిల్లులు పొడిచిన అట్ట తిరుగుతుంది. చిల్లున్న చోట కొక్కెం లేస్తుంది, లేనిచోట లేవదు. అట్ట ఎంత బాగా పొడిచినా, కట్టేటప్పుడు ఒక దారం పక్క కొక్కేనికి కడితే, హంస ముక్కు దగ్గర చిన్న వంకర. మగ్గం నడుస్తూనే ఉంటుంది. చీర దిగాక గాని తెలియదు. మా నాయన అప్పుడు అట్టను తిట్టేవాడు కాదు, దీపం పట్టుకొని ఒక్కొక్క కొక్కేన్నీ లాగి కింద ఏ పోగు లేస్తున్నదో చూసేవాడు. రేడియో టెలిస్కోపువారూ చేసేది అదే. తెలిసిన ఒక బలమైన ఆకాశ మూలాన్ని చూస్తూ ఒక్కొక్క పెట్టెకూ ఆజ్ఞ పంపి, పలికింది అదేనా, ఇంకొకటా అని సరిచూసుకుంటారు.

ఆ వెయ్యి తీగలతో సాధించిన చూపు ఎంతటిదంటే, ఇంచుమించు పూర్ణచంద్రుడు పట్టేంత చోటును ఆకాశంలో వేరుచేసి చూడగలరు. అంతే! కాని ఆ పౌనఃపున్యంలో అది గొప్పే. దానితో తయారైన ఆకాశ పటం 1990లో ప్రచురితమైంది. 1997 నుంచి అదే ఆవరణలో సూర్యుని చిత్రించే రేడియో హీలియోగ్రాఫు కూడా నడిచింది. ఇవి రెండూ బప్పు చూడలేదు.

ఈ నంబర్ల పని ఈ కాలంలో మరింత ముదిరింది. పుణె దగ్గర ఖొడద్‌లో ఉన్న జి.ఎం.ఆర్.టి.లో 30 పెద్ద పళ్ళాలు, 14 మధ్యలో గుంపుగా, 16 మూడు చేతులుగా పరచి ఉంటాయి. పళ్ళెం పేరులోనే ఏ చేయో, ఆ చేతిలో ఎన్నోదో తెలుస్తుంది. మన తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్నది టెలిస్కోపు కాదు, వాతావరణాన్ని చూసే రాడారు. అయినా చిక్కు ఒకటే. 32 వరుసలు, వరుసకు 32, వెరసి 1024 ఏరియళ్ళు. మొదట్లో వరుసకొక ట్రాన్స్‌మిటరు ఉండేది. తర్వాతి కాలంలో ప్రతి ఏరియల్‌కూ సొంత మాడ్యూలు పెట్టారు. పెట్టెలు ఎక్కువైన కొద్దీ తీగకొక పెట్టె చొప్పున విడివిడిగా లాగడం కుదరదు. అందరూ ఒకే కంప్యూటర్ నెట్‌వర్కు తీగ మీద ఉంటారు, ఎవరి పేరు పిలిస్తే వారే పలకాలి. ఇక్కడ విద్యార్థులు తరచు తికమకపడే సంగతి ఒకటుంది. ప్రతి నెట్‌వర్కు కార్డుకూ ఫ్యాక్టరీలోనే చెక్కిన 48 బిట్ల అంకె ఒకటుంటుంది. అది మనిషి పుట్టుమచ్చలాంటిది. మనం ఇచ్చే నాలుగు అంకెల నెట్‌వర్కు చిరునామా వేరు, అది ఇంటి నంబరు. కార్డు చెడిపోయి కొత్తది పెడితే పుట్టుమచ్చ మారుతుంది. ఇంటి నంబరు మారకూడదు, ఎందుకంటే ఆలస్యాల లెక్క మనిషిని బట్టి కాక చోటును బట్టి ఉంటుంది. అందుచేత తెలివైన వాళ్ళు నంబరును కార్డుకు ఇవ్వరు, కార్డు కూర్చునే అరకు ఇస్తారు. మూడో అంకె ఏరియల్‌కు, నాలుగో అంకె అందులోని అరకు అని కట్టుదిట్టం చేసుకుంటే, రాత్రిపూట డ్యూటీలో ఉన్న కుర్రవాడు కార్డు మార్చి వెళ్ళి పడుకోవచ్చు. పట్టికలు వెదుక్కోనక్కరలేదు. బేగంపేటలో నక్షత్రానికి కాక నక్షత్రం ఉన్న గడికి అంకె రాశారని ఇంతకుముందు చెప్పాను. పద్ధతి ఒకటే.

మళ్ళీ బప్పు దగ్గరకు వద్దాం. ఆయనకు తీరని కోరిక ఒకటుండేది. ఈ దేశంలో పెద్ద దుర్భిణి ఈ దేశంవాళ్ళే కట్టాలి. కొనుక్కొస్తే తొందరగా వస్తుంది, నిజమే. కాని కొన్నవాడికి బిగించడం రాదు, చెడితే బాగుచేయడం రాదు, ఇంకొకటి కట్టడం అసలే రాదు. 2.34 మీటర్ల అద్దం గల దుర్భిణికి పూనుకున్నారు. గాజు దిమ్మ మాత్రం బయటినుంచి తెప్పించి, రుద్దడం, నునుపు చేయడం తమ ప్రయోగశాలలోనే పెట్టుకున్నారు. బరువైన యాంత్రిక భాగాలు మహారాష్ట్రలోని వాల్‌చంద్‌నగర్‌లో తయారయ్యాయి. పని ఏళ్ళ తరబడి సాగింది. ఈ నిర్ణయం వల్ల ఆయన కోల్పోయినది కూడా ఉందని చెప్పక తప్పదు. తన సొంత పరిశోధనకు పెద్ద దుర్భిణి అందుబాటులో ఉండవలసిన మంచి వయసంతా కట్టడాల్లో, ఫైళ్ళలో, కొండలెక్కి దిగడంలో గడిచింది. పాలొమార్‌లో అంతటి దుర్భిణి కింద పనిచేసి వచ్చిన మనిషి, ఇక్కడ చాలా ఏళ్ళు చిన్న అద్దాలతో సరిపెట్టుకున్నాడు. అది త్యాగమో మొండితనమో చదువరులు తేల్చుకోవచ్చు. నాకు రెండూ కనిపిస్తాయి.

చిత్రలేఖనం, గులాబీ తోట, గాలిబ్ కవిత్వం ఆయనకు ఇష్టమైనవి. గాలిబ్ మీది ఇష్టంలో హైదరాబాదు పెంపకం జాడ కనిపిస్తుంది. 1972లో భారత ఖగోళ సంఘం ఏర్పడటంలో ముందుండి మొదటి అధ్యక్షుడయ్యారు. ఆ సంఘానికి మన ఉస్మానియాతో సంబంధం మొదటినుంచీ ఉంది. 1970లో భట్నాగర్ బహుమతి, 1981లో పద్మభూషణ్ వచ్చాయి. 1979లో మాంట్రియల్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకుంది. ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు.

ఆ సంఘం తర్వాతి మహాసభ 1982 ఆగస్టులో గ్రీసు దేశంలోని పాట్రాస్‌లో. అధ్యక్షస్థానంలో కూర్చోవలసినవాడు జర్మనీలోని మ్యూనిక్‌లో ఆసుపత్రిలో ఉన్నారు. గుండెకు శస్త్రచికిత్స జరిగింది, కోలుకోలేదు. ఆగస్టు 19న, సభలు జరుగుతుండగానే, కన్నుమూశారు. 55 ఏళ్ళు నిండి తొమ్మిది రోజులు.

కావలూరులో దుర్భిణి అప్పటికింకా పూర్తికాలేదు. సహచరులు దాన్ని పూర్తిచేశారు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ వచ్చి ఆ దుర్భిణికీ, ఆ వేధశాలకూ వైను బప్పు పేరు పెట్టారు. అంగారకుడికీ బృహస్పతికీ నడుమ తిరిగే ఒక చిన్న గ్రహశకలానికి కూడా ఆయన పేరుంది. పట్టికలో దాని నంబరు 2596.